ఢిల్లీని తిట్టొచ్చు, పంచాయతీని అడగలేం

మన సొంత ప్రభుత్వంలో మనం నిజంగా స్వేచ్ఛగా బతుకుతున్నామా, అని కదా ప్రశ్న. మాది ఒడిశా గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె, ట్యూషన్లు చెప్పుకుంటాను. నాకు తెలిసినంతలో, అధికారి ఎంత దూరంగా ఉంటే మనకి అంత స్వేచ్ఛ.

పొద్దున్నే టీ కొట్టు దగ్గర ప్రధానమంత్రిని, భువనేశ్వర్‌లో ఉన్నవాళ్ళని, పాతపట్నం పక్కనే కాబట్టి ఆంధ్రా వాళ్ళని కూడా కలిపి చెడామడా తిట్టుకుంటాం, ఎవడూ ఏమీ అనడు. పంచాయతీ ఆఫీసు గుమస్తా వచ్చి అదే బెంచీ మీద కూర్చుంటే మాత్రం మాట క్రికెట్ మీదికి మళ్ళిపోతుంది. పింఛను జాబితా, ఇళ్ళ జాబితా ఆయన చేతి మీదుగానే కదా పోవాలి.

నాకు జరిగింది చెప్తాను. మా వీధి సిమెంటు రోడ్డు వేసిన ఏడాదికే పెచ్చులు లేచిపోయింది. ఎంత మంజూరైంది, ఎంత ఖర్చు చూపించారు అని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. 2005 చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలి, ఎందుకు అడుగుతున్నావని అడగకూడదు, ఉత్తరం చేరడానికి కావలసినంత తప్ప సొంత వివరాలు అడగకూడదని 6(2) సెక్షన్‌లోనే ఉంది. కానీ ఒడిశా నియమాల్లో ఫారం-ఎ అని ఒకటుంది, గుర్తింపు రుజువు కూడా జత చేయమంటారు. సరే అని ఓటరు కార్డు జిరాక్స్, 10 రూపాయల ఫీజు పెట్టి ఇచ్చాను.

జవాబు కంటే ముందు కాంట్రాక్టరు బావమరిది వచ్చాడు. మర్యాదగానే వచ్చాడు, అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడు, ఫోన్ తీసి నా దరఖాస్తు ఫోటో నాకే చూపించాడు. "ఏటి మాస్టారూ, రోడ్డు లెక్క కావాలంటే మమ్మల్ని అడిగితే చెప్పమా? మీ అమ్మగారి పింఛను కాయితాలు కూడా అక్కడే ఉన్నాయంట గదా" అన్నాడు. అంతే. ఆ మాటకి ఏ స్టేషన్‌లోనూ కేసు కట్టరు. ఆ రాత్రి మా ఆవిడ, "ఊరంతటికీ లేని బాధ మనకేటి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

స్వేచ్ఛ ఉందా అనే ఈ ప్రశ్నకి చాలామంది సెక్షన్లు చెప్తారు. ఆన్‌లైన్ రాతల మీద కేసులు పెట్టే ఐటీ చట్టం 66ఎని సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది, రాజద్రోహం సెక్షన్ 124ఎని 2022లో ఆపింది, 2024 జూలై నుంచి కొత్త శిక్షాస్మృతి భారతీయ న్యాయ సంహితలో దాని పోలికతోనే 152 వచ్చింది. ముఖ్యమే, కాదనను, కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళకి అది బతుకు ప్రశ్న. మా పల్లెల్లో నోరు మూయించడానికి మాత్రం సెక్షన్ అక్కర్లేదు, ఒక సంతకం ఆలస్యం చేస్తే చాలు.

అలాగని అంతా బూటకం అని కూడా అనలేను, ఎందుకంటే మా పక్క జిల్లా రాయగడ. నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభల ముందు పెట్టాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్ళలో సభలు పెడితే పన్నెండూ వద్దన్నాయి, 2014లో కేంద్రం అనుమతి నిరాకరించింది. అక్కడి డోంగరియా కోందు గిరిజనుల్లో చాలామందికి నాకున్నపాటి చదువు కూడా లేదు. కానీ వాళ్ళు ఒక్కొక్కరుగా కౌంటర్ ముందు నిలబడి ఫారం ఇవ్వలేదు, ఊరంతా ఒకచోట కూర్చుని చెప్పింది, జిల్లా జడ్జి స్థాయి అధికారి ఎదురుగా ఉండి విన్నారు. ఇంక ఎవరి పింఛనని ఆపుతారు?

కొరాపుట్ జిల్లా కొఠియా ఊళ్ళది ఇంకో తమాషా. అవి మావంటే మావని ఒడిశా, ఆంధ్ర ఎప్పుడో 1968లోనే సుప్రీంకోర్టుకెక్కాయి, ఇప్పటికీ తేలలేదు, అందుకని ఇద్దరూ పథకాలు పట్టుకుని పోటీ పడి అక్కడికి వెళ్తారు. జనాన్ని బతిమాలే ప్రభుత్వం ఎలా ఉంటుందో చూడాలంటే అక్కడికెళ్ళాలి.

నా దరఖాస్తుకి గడువు దాటాక జవాబొచ్చింది, అసలు బిల్లుల పేజీలు లేకుండా. మొదటి అప్పీలు పెట్టాను, దానికీ కదలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కి వెళ్ళొచ్చు. అమ్మ పింఛను ఆపారా అంటే ఆపలేదు, కొన్నాళ్ళు "సర్వర్ డౌన్" అన్నారు, తర్వాత ఇచ్చారు. ఈలోగా మా వీధిలో ఐదారుగురం మాట్లాడుకుని అదే ప్రశ్న ఎవరి పేరు మీద వాళ్ళం విడివిడిగా పెట్టాం. బావమరిది ఇంకా ఎవరింటికీ రాలేదు.