కిరాయికిచ్చే ముందు గీజర్ చూపించు

చిట్టీ,

మియాపూర్ ఫ్లాట్ కిరాయికిచ్చి పుణె పోతున్నవని మీ అమ్మ నిన్న ఫోన్ల చెప్పింది. మస్తు ఖుషీ అయింది, మన ఇంట్ల ఆడపిల్ల సొంత పేరు మీద ఇల్లు కొని కిరాయికిచ్చేదాక వచ్చిందని. కానీ రాత్రి నిద్ర పట్టలె. నువ్వు ఎవర్నీ కాదనలేవు, నల్లా కారుతుందని రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే పుణె నుంచే ప్లంబర్‌ని పంపిస్తవ్, నాకు తెల్వదా నీ సంగతి.

అగ్రిమెంట్ 11 నెలలకు రాయించు, రెండు నెలల అడ్వాన్స్ తీస్కో, ఖాళీ ఇల్లు వీడియో తీసి పెట్టుకో.

ఏ రిపేర్ ఎవరిదో రాయకుండ మాత్రం సంతకం పెట్టకు. కేంద్రం 2021ల మోడల్ టెనెన్సీ యాక్ట్ అని కిరాయి ఇండ్లకు ఒక నమూనా చట్టం తెచ్చింది, రాష్ట్రం తీస్కుంటేనే అది చట్టం, ఆ లొల్లి మనకొద్దు, కానీ దాని చివర్ల ఉన్న లిస్ట్ మంచిగుంటది. సున్నాలు, పైపులు, కరెంటు వైరింగ్ ఓనర్‌ది. నల్లా వాషర్, స్విచ్చులు, తాళాలు, గీజర్ రిపేర్ కిరాయోళ్ళది. అట్లనే దించు, గీజర్ ఒక్కటి మాత్రం నీ కిందికి రాస్కో.

ఎందుకంటే, మల్కాజిగిరి ఇంట్ల పై పోర్షన్‌ల ఒక టీచరమ్మ ఉండె, నీకు యాదికుండదు, చిన్నదానివి. బల్లి వచ్చిందంటది, ఫ్యాన్ టకటకమంటుందంటది, నీళ్ళు సన్నగ వస్తున్నయంటది. మిస్త్రి వచ్చి నల్లా మూతికున్న జాలీ విప్పి, బోరు నీళ్ళ తెల్ల పెచ్చు దులిపి, ఐదు నిమిషాలల్ల పైసలు తీస్కొని పోయిండు. ఆ జాలీ రాత్రి వెనిగర్‌ల నానేస్తే మనమే చేస్కోవచ్చు. ఒక నెలల నాలుగుసార్లు మనిషిని పంపిన, కిరాయిల సగం వాళ్ళకే పోయింది. నాకు మండింది.

గప్పుడు కిందికొచ్చి, "అక్కా, బకెట్‌ల చెయ్యి పెడితే జివ్వుమంటుంది" అన్నది. నేను పప్పు పోపేస్తున్న, తిరిగి కూడ చూడలె. చలికాలం కదా చేతులు పగిలినట్టున్నయ్, వాజిలిన్ రాస్కో అన్న.

మూడోనాడు పొద్దున పైన ధబేల్మని చప్పుడు. ఉరికి చూస్తే వాళ్ళ పోరడు బాత్రూం గడప మీద పడి ఉన్నడు, తడి చేత్తోని నల్లా తిప్పిండట. మీ పెద్దనాయిన మెయిన్ బంద్ చేసిండు. పిల్లగాడు బతికిండు, దేవుని దయ. ఎలక్ట్రీషియన్ గీజర్ విప్పితే లోపలి రాడ్ మీద వేలు మందం సున్నం, దాని కింద పగులు. లీకైన కరెంటును భూమిలకు తీస్కపోయే ఆకుపచ్చ ఎర్త్ వైరు కొసకు ఏం లేదు చిట్టీ, టేప్ చుట్టి గోడల దోపిన్రు. ఆదివారం వాళ్ళు ఖాళీ చేసిన్రు. అడ్వాన్స్ కూడ అడగలె, నేనే పోయి ఇచ్చిన, తీస్కొని తలుపేసుకుంది.

అందుకే చెప్తున్న, పదిసార్లు ఉత్తగనే చేసినోళ్ళు పదకొండోసారి చేస్తే ఫోన్ ఎత్తు. కరెంటు, గ్యాస్, గోడ నానుడు, తలుపు తాళం అంటే, పైసలు ఎవరియైనా, ఆ పూటే మనిషిని పంపు. కిర్రుమనే తలుపులు, జాలీలు, గొళ్ళాలు వాట్సాప్‌ల ఫోటో పెట్టమను, అన్నీ కూడబెట్టి నెలకొక్క ఆదివారం ఒక్కటే మిస్త్రితోని చేపియ్యి, రమ్మన్న ప్రతిసారి మనిషికి మళ్ళ ఇస్తుంటే కిరాయి ఎవరికి మిగుల్తది. వాళ్ళ చేతుల విరిగింది వాళ్ళే కట్టాలె, మొహమాటపడకు. మొహమాటం నీకు మీ నాయిన నుంచి వచ్చింది, ఏం చేస్తం.

30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ పెట్టించు, కరెంటు లీకైతే దానంతటదే బంద్ చేసే స్విచ్ అది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటది, నెలకొకసారి ఒత్తి చూడమని కిరాయోళ్ళకు చెప్పు.

శనివారం నేనే మా ఎలక్ట్రీషియన్‌ని తీస్కొని వస్త, ఆకుపచ్చ వైరు నా కండ్లతోని చూడాలె. పుణెకు బట్టలు సర్దుకునుడు అయిందా లేదా? వంట పెట్టకు, పచ్చి పులుసు, పప్పు నేనే తెస్త.

మీ పెద్దమ్మ