ఆఫీసు ల్యాప్‌టాప్‌లో యూనియన్ మాటలు వద్దు

ప్రశ్న: కొద్ది నిమిషాలకోసారి స్క్రీన్‌షాట్ తీసే సాఫ్ట్‌వేర్ మా అందరి ల్యాప్‌టాప్‌లలో వేశారు. దీన్ని అడగడానికి కొందరం కలిసి యూనియన్ పెట్టాలనుకుంటున్నాం. అదే ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్‌లో మాట్లాడుకుంటున్నాం. ఎన్‌క్రిప్షన్ ఉంది కాబట్టి భయం లేదు కదా?

జవాబు: భయం ఉందండీ. ముందు ఫోన్‌లో వాట్సాప్ తెరిచి, లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి ఆ ల్యాప్‌టాప్‌ని లాగౌట్ చేసేయండి, మిగతాది తర్వాత చదవొచ్చు. ఎన్‌క్రిప్షన్ కాపాడేది మెసేజ్ దారిలో ఉన్నంతసేపే. అది మీ కంటికి కనబడిందంటే స్క్రీన్‌షాట్‌కీ కనబడినట్టే. ఇన్‌కాగ్నిటో పెట్టినా అంతే, అది బ్రౌజర్‌లో హిస్టరీ మిగలకుండా చూస్తుంది తప్ప స్క్రీన్‌ని దాచదు. ఆఫీసు చాట్ యాప్ స్లాక్‌లోనూ వద్దు, ప్లాన్‌ని బట్టి డైరెక్ట్ మెసేజీలు కూడా కంపెనీ బయటకు తీయించగలదు. ఆఫీసు క్యాలెండర్‌లో మీటింగ్ అసలే పెట్టొద్దు. 2019లో గూగుల్ తన ఉద్యోగుల క్రోమ్ బ్రౌజర్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) వేసింది, 100 మందికి మించి లేదా 10 మీటింగ్ గదులకు మించి ఎవరైనా మీటింగ్ పెడితే అది పట్టుకునేది. స్పామ్ ఆహ్వానాలు తగ్గించడానికే అని కంపెనీ చెప్పింది, సంఘటితం అవుతున్నవాళ్ల మీద నిఘా అని ఉద్యోగులు అనుమానించారు.

సొంత ఫోన్, సొంత నంబర్, మొబైల్ డేటా, సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ (కొంతసేపటికి వాటంతటవే చెరిగిపోయే మెసేజీలు) ఆన్: ఇది చాలు. కాకపోతే ఆ ఫోన్‌లో ఆఫీసు మెయిల్ ఉంటే ఒకసారి చూసుకోండి. ఆండ్రాయిడ్‌లో ఆఫీసు యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు ఉంటే అది వర్క్ ప్రొఫైల్, అంటే ఆఫీసు యాప్‌లను వేరుగా ఉంచే భాగం, మీ సొంత యాప్‌లలో ఏముందో కంపెనీ చూడలేదు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్‌లో కంపెనీ ప్రొఫైల్ ఏదైనా ఉందేమో చూడండి. సహోద్యోగుల నంబర్ల కోసం ఆఫీసు డైరెక్టరీ డౌన్‌లోడ్ మాత్రం చేయొద్దు, ఎవరు డౌన్‌లోడ్ చేశారో చూపే లాగ్ (రికార్డు) మిగిలిపోతుంది, రేపు మీ మీద అదే వాడతారు. ఒక్కొక్కరినీ కలిసి అడిగి రాసుకోండి, ఆలస్యమైనా సరే.

ఇదంతా దాక్కోవడానికి కాదు, నలుగురు పోగయ్యేదాకా కాచుకోవడానికి. పోగయ్యాక బాహాటంగానే అడగాలి: ఏం రికార్డు చేస్తున్నారు, ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరు చూస్తారు, అప్రైజల్‌లో వాడతారా, అన్నీ రాతపూర్వకంగా. అడిగితే ఏమొస్తుంది అనుకోకండి. సీట్లో ఎంతసేపు ఉన్నారో లెక్కేసే సాఫ్ట్‌వేర్‌ని 2020 ఫిబ్రవరిలో బార్క్లేస్ బ్యాంకు వెనక్కి తీసుకుంది, సిబ్బంది అభ్యంతరం చెప్పాకే. జర్మనీలో అయితే వర్క్స్ కౌన్సిల్ (ఉద్యోగులు ఎన్నుకున్న ప్రతినిధుల మండలి) ఉన్నచోట దాని సమ్మతి లేకుండా ఇలాంటి పరికరం పెట్టడానికే చట్టం ఒప్పుకోదు.

ప్రశ్న: అప్పటిదాకా, పని చేస్తున్నట్టు కనబడేలా మౌస్‌ని దానంతటదే కదిలించే మౌస్ జిగ్లర్ కొనుక్కోమంటారా?

జవాబు: వద్దు. కీబోర్డు పనిచేస్తున్నట్టు నటింపజేశారని 2024లో వెల్స్ ఫార్గో బ్యాంకు డజనుకు పైగా ఉద్యోగులను తీసేసింది. యూనియన్ పెట్టబోయేవాళ్లు అలాంటి సాకు చేతికివ్వకూడదు.