టెక్ సందేహాలు: కారు స్టీరియోకు ఎనిమిది వేలు ఉంటే ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

సందేహం: నాకు 2014లో కొన్న చిన్న కారు ఉంది. ఉద్యోగరీత్యా రోజూ కావలి నుంచి నెల్లూరు వెళ్లి వస్తాను. కంపెనీ ఇచ్చిన సెట్‌లో రేడియో, యూఎస్‌బీ, ఆక్స్ (బయటి పరికరాన్ని తీగతో కలిపే రంధ్రం) ఉన్నాయి, బ్లూటూత్ లేదు. హైవే ఎక్కాక పాటలో మాటలు తెలియవు, సౌండ్ పెంచితే గరగరలాడుతుంది. ఎనిమిది వేల వరకు పెట్టగలను. షాపులో తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించుకోమని, అది ఒక్కో స్పీకరుకు 60 వాట్లు ఇస్తుందని చెబుతున్నారు. తీసుకోమంటారా? (కావలి పాఠకుడు)

సమాధానం: వద్దనే చెబుతాను. మీరు రాసిన ఇబ్బందులు రెండు: ఫోన్‌లోని పాట కారులోకి రాకపోవడం, వచ్చిన పాట స్పష్టంగా వినిపించకపోవడం. మొదటిదానికి కొన్ని వందల రూపాయలు చాలు. రెండోది స్పీకర్లలోనూ, వాటిని బిగించిన తలుపులలోనూ ఉన్న లోపం కాబట్టి, ఉన్న డబ్బంతా స్క్రీనుకు పోస్తే అది అలాగే మిగిలిపోతుంది.

ఆక్స్ రంధ్రంలో పెట్టుకునే చిన్న బ్లూటూత్ రిసీవర్ కొనుక్కోండి. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టి రేడియో ద్వారా వినిపించే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ జోలికి మాత్రం వెళ్లకండి. ఎఫ్ఎం ప్రసారంలో 15 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వని రాదు, పైగా దారిలో అదే ఫ్రీక్వెన్సీ మీద మరో స్టేషన్ తగిలిందంటే పాట మీద బరబర మొదలవుతుంది. రిసీవర్‌ను కారు సాకెట్ నుంచే ఛార్జ్ చేస్తూ ఆక్స్‌కు కలిపినప్పుడు ఇంజిన్ వేగంతోపాటు హెచ్చుతగ్గులయ్యే సన్నని ఈల వినిపించవచ్చు. కరెంటు తీగలోని గ్రౌండు (మైనస్ వైపు), ఆక్స్ తీగలోని గ్రౌండు కలిసి ఒక చుట్టు ఏర్పడటమే దానికి కారణం. సొంత బ్యాటరీ ఉన్న రిసీవర్‌ను ఇంట్లో ఛార్జ్ చేసి తెచ్చుకుంటే ఆ సమస్య రాదు.

ఇక ఆ 60 వాట్ల సంగతి. ఈ అంకె చూసి మోసపోయినవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారు బ్యాటరీ దగ్గర ఉండే వోల్టేజీ సుమారు 14.4. కారు స్పీకరు నిరోధం సాధారణంగా 4 ఓమ్‌లు. 14.4ను 14.4తో గుణించి 4తో భాగిస్తే దాదాపు 52 వస్తుంది. చాలా డబ్బాల మీద కనిపించే '50 వాట్లు × 4' ఇక్కడి నుంచి పుట్టినదే. అయితే అది ధ్వని పూర్తిగా చెడిపోయి చదరపు తరంగంగా మారినప్పటి లెక్క. శుభ్రమైన ధ్వనికి అందులో సగం, అంటే 26 వాట్లు సిద్ధాంతపరమైన హద్దు. లోపలి నష్టాలు పోగా చేతికి వచ్చేది 20 వాట్ల చుట్టుపక్కలే. విడిగా యాంప్లిఫయర్ లేని మామూలు సెట్లు చాలావరకు, ఖరీదైనవైనా చవకవైనా, ఈ లెక్కను దాటలేవు. కాబట్టి డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉన్న వాట్లను వదిలేసి, ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇవ్వగల వాట్లు) అని రాసి ఉన్న అంకెను చూడండి. అది రాసి లేకపోతే ఆ సెట్టును పక్కన పెట్టండి.

పాత సెట్‌లోనైనా ఆ పదిహేను, ఇరవై వాట్లు ఉంటాయి కాబట్టి, వాటిని వృథా చేయని స్పీకర్లు కొనడమే మీ బడ్జెట్‌లో తెలివైన పని. స్పీకరు డబ్బా మీద 'సెన్సిటివిటీ' అని డెసిబెల్‌లలో ఒక అంకె ఉంటుంది. మూడు డెసిబెల్‌లు పెరిగితే సగం వాట్లతోనే అంత శబ్దం వస్తుందని అర్థం. 86 ఉన్న స్పీకరు 20 వాట్లు తీసుకుని ఇచ్చే శబ్దాన్ని 92 ఉన్న స్పీకరు 5 వాట్లతోనే ఇవ్వగలదు. ఈ కొలతలో ఒక కిటుకు ఉంది. కొందరు ఒక వాటు మీద కొలుస్తారు, కొందరు 2.83 వోల్టుల మీద కొలుస్తారు. 4 ఓమ్‌ల స్పీకరుకు 2.83 వోల్టులంటే రెండు వాట్లు కాబట్టి, రెండో పద్ధతిలో అంకె మూడు డెసిబెల్‌లు ఎక్కువగా కనిపిస్తుంది. రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు కొలిచిన పద్ధతి ఒకటేనా అని చూడండి.

ముందు తలుపులకు మాత్రమే ఒక జత మంచి కోయాక్సియల్ స్పీకర్లు (పెద్ద స్పీకరు మధ్యలోనే సన్నని స్వరాలకు చిన్న స్పీకరు ఉండేవి) తీసుకోండి. మీ డబ్బులో సగం వీటికే కేటాయించండి. వెనక సీటులో రోజూ ఎవరూ కూర్చోరు కాబట్టి వెనకవాటిని ఇప్పటికి ముట్టుకోవద్దు. కొనే ముందు పాత స్పీకరును విప్పించి వ్యాసాన్నీ, లోతునూ కొలిపించండి. అద్దం పూర్తిగా కిందికి దించినప్పుడు స్పీకరు వెనక అయస్కాంతానికి తగలకూడదు. మన తీరప్రాంతంలో గాలికి తేమా ఉప్పూ రెండూ ఉంటాయి, వానకు అద్దం పక్క నుంచి తలుపులోకి నీళ్లు దిగుతాయి, కాబట్టి కాగితపు కోన్ (స్పీకరులో ముందుకూ వెనక్కీ కదిలే గరాటు లాంటి భాగం) కంటే పాలీప్రొపిలీన్ కోన్ ఎక్కువ కాలం మన్నుతుంది.

ఇప్పుడు అందరూ వదిలేసే తలుపు దగ్గరికి వద్దాం. స్పీకరు కోన్ ముందుకు ఎంత గాలిని తోస్తుందో వెనక్కీ అంతే తోస్తుంది. తలుపు లోపలి రేకుకు ఉన్న పెద్ద రంధ్రాల గుండా ఆ వెనక తరంగం బయటికి వచ్చి ముందు తరంగాన్ని రద్దు చేస్తుంది. బేస్ (లోతైన స్వరాలు) పోవడానికి కారణం ఇదే. బయటి రేకుకు లోపలి వైపు బ్యూటైల్ డ్యాంపింగ్ షీటు (రేకు అదురును అణిచే రబ్బరు పొర) అంటించి, లోపలి రంధ్రాలను కూడా మూయించండి. అయితే నీళ్లు బయటికి పోవడానికి తలుపు అడుగున ఉన్న చిన్న రంధ్రాలను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మూయనివ్వకండి, మూస్తే తలుపు లోపలి నుంచి తుప్పు పడుతుంది. ఈ షీటు వల్ల టైర్ల హోరు కూడా కొంత తగ్గుతుంది. హైవే మీద మాటలు తెలియకపోవడానికి సగం కారణం ఆ హోరే కదా! ఇంత చేశాక కూడా సెట్టు మార్చాలనిపిస్తే వచ్చే ఏడాది బ్లూటూత్ ఉన్న మామూలు సెట్టు తీసుకోవచ్చు.

బిగించేటప్పుడు దగ్గర ఉండండి. కంపెనీ తీగలను కత్తిరించకుండా మీ మోడల్‌కు సరిపోయే కప్లర్ (తీగలను గుచ్చి కలిపే కనెక్టర్) వాడమనండి. కొన్నేళ్ల క్రితం నా కారులో తీగలను మెలేసి టేపు చుట్టి వదిలేశారు. రోహిణి కార్తె ఎండకు ఆ టేపు జిగురు కరిగి ఊడిపోయి, ఒక వైపు స్పీకర్లు మూగబోయాయి. అది కనిపెట్టడానికి డ్యాష్‌బోర్డు మొత్తం మళ్లీ విప్పాల్సి వచ్చింది. ప్లస్, మైనస్ ఒక పక్క తారుమారైతే రెండు కోన్‌లు ఎదురెదురుగా కదిలి బేస్ మాయమవుతుంది. స్పీకరును సెట్టుకు కలపక ముందే దాని రెండు కొసలకు 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీని క్షణంపాటు తాకించి చూడండి. కోన్ బయటికి వస్తే బ్యాటరీ ప్లస్ తగిలిన వైపే స్పీకరు ప్లస్.

సందేహం: గత నెల కొత్త సెట్టు పెట్టించాను. అప్పటి నుంచి రెండు రోజులు బండి తీయకపోతే స్టార్ట్ కావడం లేదు. బ్యాటరీ మార్చాలంటున్నారు. (ఒంగోలు పాఠకుడు)

సమాధానం: బ్యాటరీ కొనే ముందు సెట్టు వెనక తీగలు చూపించండి. సాధారణంగా పసుపు తీగ ఎప్పుడూ కరెంటు ఉండేది, గడియారాన్నీ స్టేషన్లనూ గుర్తుంచుకోవడానికి. ఎర్ర తీగ తాళం తిప్పినప్పుడే కరెంటు రావాల్సినది. రెండింటినీ కలిపి ఒకే చోట ముడివేస్తే తాళం తీసినా సెట్టు లోపల మేలుకొనే ఉంటుంది. అది అర ఆంపియరు చొప్పున లాగుతోందనుకుంటే 48 గంటలకు 24 ఆంపియర్-అవర్లు. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో మూడింట రెండు వంతులు ఖాళీ అయ్యాక స్టార్టర్ తిరగదు. మీరు చెప్పిన రెండు రోజులకు ఈ లెక్క సరిపోతోంది.

మల్టీమీటరును 10 ఆంపియర్ల స్థానంలో ఉంచి, తాళం తీసేసి, తలుపులు మూసి, బ్యాటరీ మైనస్ తీగకూ బ్యాటరీకీ మధ్య కలిపించి చూడండి. మీటరు అలా ఉండగా స్టార్ట్ చేయకూడదు, చేస్తే మీటరు పాడవుతుంది. కొన్ని నిమిషాల తర్వాత 50 మిల్లీ ఆంపియర్ల లోపు చూపిస్తే ఫర్వాలేదు. అంతకు చాలా ఎక్కువ ఉండి, సెట్టు ఫ్యూజు తీయగానే పడిపోతే తప్పు సెట్టు వైరింగ్‌దే. పెట్టిన షాపువారే ఉచితంగా సరిచేయాలి, గట్టిగా అడగండి. పలుమార్లు పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది కనుక ఈ వారంలోనే చూపించుకోండి.

సందేహం: పాత సినిమా పాటలన్నీ 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాను. కంప్యూటర్‌లో వస్తున్నాయి, కారులో 'నో డివైస్' అంటోంది. (పొదిలి పాఠకురాలు)

సమాధానం: పెన్‌డ్రైవ్ బాగానే ఉంది. 64 జీబీవి సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ అనే, ఫైళ్లను అమర్చే పద్ధతిలో వస్తాయి, పాత సెట్లు చాలావరకు ఫ్యాట్32 మాత్రమే చదువుతాయి. విండోస్‌లోని మామూలు ఫార్మాట్ కిటికీ 32 జీబీ దాటినవాటికి ఫ్యాట్32ను చూపించదు. సులువైన దారి ఏమిటంటే, 32 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకుని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, పాటలను ఎంపీ3 రూపంలోనే అందులోకి ఎక్కించండి.