ఆదోని నుంచి కర్నూలుకు మోడెమ్ లైన్ తెగిపోతుంటే ఏం చేయాలి?

ఆదోని పత్తి మిల్లులోని పాత కంప్యూటర్ నుంచి కర్నూలు ఆఫీసుకు డయలప్ మోడెమ్‌తో (ఫోన్ లైన్ మీద డేటా పంపే పెట్టెతో) రోజూ లెక్కలు పంపుతున్నామని, ఐదు నిమిషాలకే లైన్ తెగిపోతోందని అడిగారు. మోడెమ్ మార్చే ముందు ఫోన్ ఎత్తి ఒక అంకె నొక్కి వినండి. నిశ్శబ్దంగా ఉండాలి. గరగర వినిపిస్తే ఫోన్ తీగ వచ్చి కలిసే గోడ మీది డబ్బా విప్పండి. మిల్లుల్లో ఆ స్క్రూల చుట్టూ దూది నూగు, పచ్చటి చిలుము పట్టి ఉంటాయి. గీకి, గట్టిగా బిగించండి. అదే లైన్‌కు ఇంకో ఫోన్ ఉంటే తీసేయండి. కాల్ వెయిటింగ్ బీప్ కూడా కనెక్షన్‌ను తెంచుతుంది, ఆపించండి.

ఇక వేగం. మోడెమ్ పెట్టె మీద 56కె (సెకనుకు 56 కిలోబిట్లు) అని ఉన్నా, రెండు వైపులా మామూలు ఫోన్ లైన్లే కాబట్టి 33.6 దాటదు. నేనైతే 14.4కే కట్టేస్తాను. లెక్కల ఫైలుకు అది చాలు, లైన్ నిలబడుతుంది.

కంప్యూటర్‌లోని మోడెమ్ సెట్టింగుల్లో ఎర్రర్ కంట్రోల్ (దెబ్బతిన్న డేటాను మళ్లీ పంపించేది), హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (కంప్యూటర్, మోడెమ్ ఒకదాన్నొకటి ముంచెత్తకుండా ఆపేది) ఆన్‌లో ఉంచి, అదనపు కమాండ్ల గడిలో ఏటీఎస్10=50 అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. సిగ్నల్ పోయాక మోడెమ్ లైన్ తెంచే ముందు ఎంతసేపు ఆగాలో సెకనులో పదో వంతుల్లో చెప్పే అంకె ఇది. చాలా మోడెముల్లో ఇది 14, అంటే ఒకటిన్నర సెకను కూడా కాదు. 50 పెడితే ఐదు సెకన్లు ఓపిక పడుతుంది. కర్నూలు వైపు మోడెమ్‌లోనూ ఇదే పెట్టించండి.