నీలి తెర కనిపిస్తే ముందు యాంటీవైరస్ సంగతి చూడండి

ప్రశ్న: విండోస్ అప్‌డేట్ పడిన మర్నాటి నుంచి కంప్యూటర్ ఆన్ చేసిన రెండు మూడు నిమిషాలకే నీలి తెర వచ్చి రీస్టార్ట్ అయిపోతోంది. వేరే కంపెనీ యాంటీవైరస్ వాడుతున్నాం. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందేనా?

జవాబు: ఇప్పుడే అంత దూరం వెళ్లకండి. డెస్క్‌టాప్ దాకా వచ్చి పడిపోతోందంటే ఆ తర్వాత పని మొదలుపెట్టే డ్రైవర్లనే (విండోస్‌లో లోతుగా పనిచేసే చిన్న ప్రోగ్రామ్‌లు) ముందుగా అనుమానించాలి. వాటిలో మొదటి ముద్దాయి మీ యాంటీవైరస్.

మామూలు ప్రోగ్రామ్‌లో తప్పు జరిగితే అదొక్కటే మూతపడుతుంది. యాంటీవైరస్ అలా కాదు. మీరు తెరిచే ప్రతి ఫైలునూ మధ్యలో ఆపి చూడాలి కాబట్టి దాని డ్రైవర్ విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే కూర్చుంటుంది. అక్కడ అది తనది కాని మెమరీని ముట్టుకుంటే, డేటా పాడవకుండా విండోస్ మొత్తం యంత్రాన్నే ఆపేస్తుంది. అప్‌డేట్‌తో కెర్నెల్ లోపలి అమరిక మారి, యాంటీవైరస్ మాత్రం పాత అమరికనే నమ్ముకుని ఉంటే జరిగేది ఇదే.

ముందు ఆ తెరను ఫోన్‌తో ఫొటో తీయండి. (విండోస్ 11 కొత్త వెర్షన్లలో అది నల్లగా ఉంటుంది.) స్టాప్ కోడ్ (తెర మీద కనిపించే ఎర్రర్ పేరు), దాని కింద ఫైలు పేరు ఉంటే అదీ కావాలి. తర్వాత, అత్యవసరమైన డ్రైవర్లతోనే విండోస్ నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలి. లాగిన్ తెర మీద షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ ఇవ్వండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా మళ్లీ రీస్టార్ట్ చేస్తే ఒక జాబితా వస్తుంది. అందులో 4 నొక్కండి. లాగిన్ తెర కూడా రాకపోతే, లోగో కనిపించగానే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే రికవరీ తెర దానంతటదే వస్తుంది.

చాలామంది చిక్కుకునేది ఇక్కడే: డిస్క్‌కి బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఫోన్‌లోంచి లాగిన్ అయి ముందే రాసి పెట్టుకోండి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు కాబట్టి పాస్‌వర్డ్ కూడా గుర్తుండాలి.

సేఫ్ మోడ్‌లో అరగంట నిలకడగా నడిస్తే మీ అనుమానం బలపడినట్టే. అక్కడా పడిపోతుంటే ర్యామ్‌నూ డిస్క్‌నూ పరీక్షించండి. ఇక తీసేయడం. కంట్రోల్ ప్యానెల్‌లోంచి అన్‌ఇన్‌స్టాల్ చేయబోతే తరచూ ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే సేఫ్ మోడ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీస్ మామూలుగా నడవదు. పేరున్న యాంటీవైరస్ కంపెనీలు చాలావరకు విడిగా రిమూవల్ టూల్ ఇస్తాయి. దాన్ని ఇంకో కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని ఇక్కడ నడపండి. రీస్టార్ట్ అయ్యాక విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ దానంతటదే కాపలాకి వస్తుంది. రెండు రోజులు క్రాష్ లేకుండా గడిచాకే కంపెనీ సైట్ నుంచి తాజా వెర్షన్ దించి వేసుకోండి. మీ దగ్గరున్న పాత ఇన్‌స్టాలర్ వాడితే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

ప్రశ్న: తీసేయకుండా యాంటీవైరస్‌ని తాత్కాలికంగా ఆపితే చాలదా?

జవాబు: చాలదు. ఆపితే తనిఖీ ఆగుతుంది గానీ డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎఫ్ఎల్‌టీఎంసీ (fltmc) అనే కమాండ్ కొట్టి చూడండి. ఆల్టిట్యూడ్ కాలమ్‌లో 320000 నుంచి 329999 మధ్య ఉన్నవి యాంటీవైరస్ ఫిల్టర్లు, అంటే ఫైళ్లను మధ్యలో ఆపి చూసే డ్రైవర్లు. ఎప్పుడో తీసేశామనుకున్న పాత యాంటీవైరస్ డ్రైవర్ కూడా అక్కడ కనిపించవచ్చు. ఒకే ఫైలు మీద ఇద్దరు కాపలాదారులు పోట్లాడుకోవడమూ క్రాష్‌కి కారణమే.

ప్రశ్న: నీలి తెర మీద విండోస్ సొంత ఫైలు పేరే ఉంది. మరి తప్పు విండోస్‌దే కదా?

జవాబు: ఆ పేరు పడిపోయిన చోటును చెబుతుంది. తోసింది ఎవరో చెప్పదు. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ ఫోల్డర్ చూడండి. క్రాష్ అయినప్పుడల్లా విండోస్ అక్కడ డంప్ అనే చిన్న రికార్డు ఫైలు రాసి పెడుతుంది. అందులోని ఫైలును మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విన్‌డీబగ్ (WinDbg) అనే ప్రోగ్రామ్‌లో తెరిచి విశ్లేషణ నడిపితే, పడిపోయే ముందు ఏయే డ్రైవర్లు వరసగా పిలుచుకున్నాయో కనిపిస్తుంది. ఒక్క డంప్‌తో తీర్పు ఇవ్వకండి. మూడింట్లోనూ అదే బయటి డ్రైవర్ ఉంటే దొంగ దొరికినట్టే.

తేదీలూ సరిచూడండి. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ హిస్టరీ అని వెతికితే రోజువారీ పట్టిక వస్తుంది. యాంటీవైరస్ తన ఫైళ్లను తానే రోజుకి ఎన్నోసార్లు మార్చుకుంటుంది కాబట్టి, విండోస్ అప్‌డేట్‌కి అసలు సంబంధమే ఉండకపోవచ్చు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ భద్రతా సాఫ్ట్‌వేర్ విషయంలో జరిగింది అదే. కొత్త డేటా ఫైలు 21వ విలువను చూడమంది, లోపలి కోడ్ ఇచ్చింది 20 మాత్రమే. లేని చోట చదవబోయి, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయి. వాటిలో చాలావాటిని సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలును చెరిపి బాగుచేశారు.

ప్రశ్న: విండోస్ అప్‌డేట్‌నే వెనక్కి తీస్తే?

జవాబు: తీయవచ్చు. రికవరీ తెరలో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ కింద క్వాలిటీ అప్‌డేట్ ఎంచుకోండి. పెద్ద వెర్షన్ మార్పు అయితే వెనక్కి వెళ్లడానికి మామూలుగా 10 రోజులే గడువు. కానీ ఇది ఆఖరి దారి. యాంటీవైరస్ పోతే డిఫెండర్ ఉంది, భద్రతా సవరణ పోతే ఆ కన్నం తెరుచుకునే ఉంటుంది. తప్పక తీశారా, వెంటనే సెట్టింగ్స్‌లో అప్‌డేట్లను ఒక వారం పాజ్‌లో పెట్టండి. లేకపోతే అదే అప్‌డేట్ మర్నాడే మళ్లీ వచ్చి కూర్చుంటుంది.