నాలుగు లక్షల్లో కారా? ముందు సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి

మీరు అడిగింది ఇది: "మాది అమలాపురం దగ్గర. నాలుగు లక్షలు సర్దుకున్నాం. కొత్త ఆల్టో కొనాలా, లేక అదే డబ్బుకి ఐదారేళ్లు తిరిగిన పెద్ద బండి సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవాలా?"

మాది మలికిపురం దగ్గర. పాలకొల్లులో టీచర్‌ని. రోజూ చించినాడ వంతెన మీదుగా వెళ్లొస్తాను. 2025లో జనవరికి పాత కారు కొన్నాను, దసరాకి కొత్త కారు కొన్నాను. అంటే ఈ ప్రశ్నకి జవాబు చెప్పే అర్హత నాకు ఊరికే రాలేదు, డబ్బు పోసి తెచ్చుకున్నాను.

ముందు పాతదాని సంగతి చెప్తాను. కొత్తదాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

సంక్రాంతికి మా మరిది వాళ్లు హైదరాబాద్ నుంచి పెద్ద బండిలో దిగుతారు. పండక్కి మన ఊళ్లలో ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, వీధి పొడుగునా తెలంగాణ నంబరు కార్లే. వాళ్లు వచ్చేలోపు మన వాకిట్లోనూ ఒకటి ఉండాలని మా ఆయనకి పంతం. పండగ హడావిడిలో కారు కొనేవాడికి బేరం చేతకాదు, చూసే ఓపిక ఉండదు. పండగ ముందు రెండు నెలలూ అమ్మేవాళ్లకే పండగ. మీకు తొందర లేకపోతే పండగ వెళ్లాక వెళ్లండి, ధర అదే దిగుతుంది.

ఒక డీలర్ దగ్గర 2018 మోడల్ పెట్రోల్ బండి చూశాం. ఏ కంపెనీదో చెప్పను, వాళ్ల తప్పేమీ లేదు. మూడు లక్షల అరవై అయిదు వేలు. తెల్లగా మెరిసిపోతోంది. "ఆయ్, డాక్టర్ గారి బండండి, సింగిల్ హ్యాండు, ఇంటికీ ఆసుపత్రికీ తప్ప తిరగలేదండి" అన్నాడు. ఈ మాట మీకూ చెప్తారు. మన జిల్లాల్లో అమ్మకానికొచ్చిన ప్రతి కారూ డాక్టరు గారిదే. అయితే ఆయనది, లేకపోతే రిటైరైన బ్యాంకు మేనేజరుది. రొయ్యల చెరువుకి మేత బస్తాలు మోసిన కారుని ఎవరూ అమ్మగా నేను వినలేదు, మరి ఆ కార్లన్నీ ఎటు పోతున్నాయో!

మీటరు 41 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. ఏసీ వేస్తే చల్లగా వచ్చింది. సీట్లకి కొత్త కవర్లు, కింద కొత్త మ్యాట్లు, లోపల మల్లెపూల సెంటు. ఆ సెంటు దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. కొన్నాం, కొబ్బరికాయ కొట్టాం, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. మరిది వాళ్లు వచ్చి చూసి "బాగుంది వదినా" అన్నారు. అక్కడికి మా ఆయన పని అయిపోయింది.

నెల తిరిగేసరికి ఎడమ వైపు అద్దం దానంతట అదే దిగడం మొదలైంది. ఎక్కితే పులిసిన గోనెసంచి వాసన. ఏసీ ఫిల్టర్ మార్పించాం, పోలేదు. మార్చిలో ఒకరోజు సాయంత్రం స్కూలు నుంచి వస్తున్నాను. సరిగ్గా చించినాడ వంతెన మధ్యలో, కింద వశిష్ఠ, వెనక రొయ్యల ట్రేల వ్యాన్, కారు ఆగిపోయింది. డ్యాష్‌బోర్డు మీద ఉన్న లైట్లన్నీ దీపావళిలా ఒకేసారి వెలిగాయి. తాళం తిప్పితే టిక్కు టిక్కుమనడమే. తలుపు లాకు తనే పడుతోంది, తనే తెరుచుకుంటోంది. వెనక వ్యాన్ వాడు మొదట హారన్ కొట్టాడు, తర్వాత దిగొచ్చి తిట్టబోయి, లోపల ఆడమనిషిని చూసి ఆగి, ఇంకో ఇద్దరిని పిలిచి దిండి వైపు దాకా నెట్టించాడు. ఆ టెన్షన్‌లో పేరైనా అడగలేదు.

దిండి నుంచి మెకానిక్ బండి మీద వచ్చాడు. మా మావయ్యగారికి పాత మారుతీ 800 ఉన్న రోజుల నుంచీ తెలిసిన మనిషి. బానెట్ ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. వెనక తలుపు తీసి, సీటు బెల్టు పట్టుకుని లాగడం మొదలెట్టాడు. మనం పెట్టుకునేంత కాదు, రీలులో ఉన్నదంతా. చివరి రెండు జానలు బయటికొచ్చేసరికి బెల్టుకి అడ్డంగా గోధుమరంగు గీత. దానికి అటు బెల్టు నల్లగా ఉంది, ఇటు టీ పోసినట్టుంది.

"టీచర్ గారండి, ఇది నీళ్లలో పడుకున్న బండండి."

డిక్కీ తెరిచి స్టెప్నీ ఎత్తాడు. కింద గుంటలో గోటితో గీకి నాకు చూపించాడు. ఎండిన మట్టి. సీటు కిందకి టార్చి వేస్తే, సీటు జరిగే పట్టాల బోల్టులన్నీ తుప్పు. పైన అంత తెల్లటి బండికి కింద అంత తుప్పేమిటండీ! ఆ మట్టి వేళ్ల మధ్య నలిపి, "మన గోదారి ఒండ్రు కాదండి ఇది. మనదైతే ఎండాక పొడిపొడిగా రాలిపోద్దండి. ఇది జిగట. బెజవాడదండి" అన్నాడు. మట్టి నలిపి ఊరు చెప్పడం ఏ శాస్త్రమో నాకు తెలీదు గానీ, నాకు మాత్రం ఆ రోజు నుంచి ఆయన మాట మీద పూర్తి నమ్మకం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకి కాలనీలు మునిగాయి కదా, రోజుల తరబడి నీళ్లలో నిలబడిపోయిన కార్లు ఎన్ని! అవన్నీ ఎక్కడికో వెళ్లాలి కదండీ. కడిగి, ఆరబెట్టి, సెంటు కొడితే నాలుగు నెలల్లో మన సంక్రాంతికి తయారు.

ఇంటికొచ్చి కాగితాలు మళ్లీ చదివాను. ఆర్సీలో రిజిస్టరు చేసిన ఆఫీసు విజయవాడ అని స్పష్టంగా ఉంది. పాత ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నా. 2018 బండికి వరసగా ఐదేళ్లు క్లెయిమ్ చెయ్యకపోతే అది 50 శాతం ఉండాలి. సున్నా ఉందంటే అంతకు ముందు ఏడాది ఏదో ఖర్చు ఇన్సూరెన్స్ వాళ్ల మీద వేసి ఉండొచ్చన్నమాట. రెండూ మా చేతిలోనే ఉన్నాయి, రెండూ చదవలేదు. పిల్లలకి ప్రశ్నపత్రం రెండుసార్లు చదవమని చెప్పేది నేనే.

ఇక్కడ ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. ఇదివరకు నంబరు చూస్తే బండి ఎక్కడిదో తెలిసేది. ఏపీ 05 అంటే తూర్పు, 37 అంటే పశ్చిమ, 16 అంటే కృష్ణా. 2019లో కొత్త బండ్లకి రాష్ట్రమంతా ఒకే ఏపీ 39 మొదలుపెట్టారు. మాది 2018 బండి కాబట్టి 16 అనే ఉంది లెండి, ఉన్నా చూడలేదు. మీరు కొనబోయేది 39 అయితే మాత్రం ఆర్సీ మీద ఆఫీసు పేరు తప్పకుండా చదవండి.

డీలర్‌కి ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "సర్వీసింగ్‌లో కుర్రోళ్లు నీళ్లు గట్టిగా కొట్టుంటారండి." బెల్టు రీలు లోపలికి కూడా!

వైరింగూ స్టార్టరూ మార్పించడానికి నలభై రెండు వేలు అయింది. జూన్‌లో అమ్మేశాం. కొన్నాయనకి ఉన్నది ఉన్నట్టు చెప్పి రెండు లక్షల ముప్పై వేలకి ఇచ్చాం. "అంతా ఎందుకు చెప్పడం" అని మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. ఆ కొన్నాయన కూడా వంతెన మీదుగానే తిరుగుతాడు మరి, రోజూ ఎదురొస్తాడు. చెప్పకుండా ఎలా అమ్ముతాను?

కాబట్టి నా అభిప్రాయం గట్టిగా చెప్తున్నాను. మన దగ్గర పాత కారుకి వయసు కిలోమీటర్లతో రాదు, నీళ్లతో వస్తుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదారి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఏ బండి ఎక్కడ నిలబడిందో ఎవరు రాసిపెట్టారు? అది కాకపోయినా సముద్రం గాలి, రొయ్యల వ్యాన్లు రోడ్డంతా కార్చుకుంటూ పోయే ఉప్పునీళ్లు ఉండనే ఉన్నాయి. అంతర్వేది వైపు తిరిగిన బండికీ రాజమండ్రిలో తిరిగిన బండికీ అడుగుభాగం ఒకేలా ఉండదు. బండిని లిఫ్ట్ మీద ఎత్తి చూపించనన్నవాడి దగ్గర కొనకండి. ఇంజిన్ ఆయిల్ మూత తీసి లోపలి వైపు చూడండి, పాల మీగడలా తెల్లగా ఉంటే నీళ్లు కలిసి ఉండొచ్చు. టైరు మీద చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం. 2218 అంటే 2018లో 22వ వారం. 40 వేలే తిరిగిందన్న బండికి నాలుగూ కొత్త టైర్లుంటే ఎందుకు మార్చారో అడగండి. బ్రేకు పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉంటే మీటరుని నమ్మొద్దు. తెలంగాణ బండి చవగ్గా వస్తోందని వెళ్తే అక్కడి ఆఫీసు అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్, ఆఫీసు చుట్టూ తిరుగుళ్లు లెక్క వేసుకుని వెళ్లండి. ఫైనాన్స్ బండి అయితే అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లు సంతకం చేసే ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.

డీజిల్ స్విఫ్ట్ మోజు మన వైపు ఇంకా తగ్గలేదు. మారుతీ వాళ్లు డీజిల్ కార్లు 2020 ఏప్రిల్‌లోనే మానేశారు, అంటే అందులో అన్నిటికన్నా కొత్తదానికి కూడా మీరన్న ఐదారేళ్లు వచ్చేశాయి. రోజుకి ముప్పై కిలోమీటర్లు తిరిగేవాళ్లకి అది దండగ. డాట్సన్ కూడా వద్దు, ఆ కంపెనీ 2022లో మన దేశంలో దుకాణం కట్టేసింది. పాతదే కావాలంటే, తెలిసినవాళ్ల ఇంటి ముందు మీ కళ్లెదుట తిరిగిన వ్యాగన్ఆర్, లేదా గ్రాండ్ ఐ10. కళ్లెదుట అన్నమాట మర్చిపోకండి.

ఇక కొత్తది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది, సెస్సు పోయింది. ఆగస్టులోనే కారు కొన్న మా స్కూలు లెక్కల మాస్టారు దసరా దాకా మాతో సరిగ్గా మాట్లాడలేదు, తగ్గించింది మేమే అన్నట్టు. ఆల్టో కె10 కింది రకం 3.70 లక్షలకి దిగింది. కానీ అది ఎక్స్-షోరూం. లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్, వాళ్లు అంటగట్టే మ్యాట్లూ పాలిషూ కలిపితే మీ నాలుగు లక్షలు చాలవు. మాకు పై రకం ఆన్ రోడ్ ఐదు దాటింది, మిగతాది లోను. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ రక్షణ అని ఒకటి విడిగా ఉంటుంది, అది మాత్రం తీసుకోండి. నీళ్లలో స్టార్ట్ చేసి ఇంజిన్ పట్టేస్తే మామూలు పాలసీలో రాదు. మన దగ్గర అదే అసలు అవసరం.

మా ఆయన టియాగో అన్నారు. 2020లో కార్లని గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో దానికి ఐదుకి 4 నక్షత్రాలు, ఆల్టో కె10కి 2023లో పెద్దల రక్షణకి 2. ఇప్పుడు ఆల్టోకి ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారనుకోండి. ఆయన అన్నది తప్పని నేను అనను. కానీ కాలవ గట్టు మీద నలభై దాటి వెళ్లేదెవరు? ఎదురుగా ధాన్యం ట్రాక్టరొస్తే ఒక చక్రం మట్టిలోకి దించాలి. అప్పుడు సన్నగా, తేలిగ్గా ఉన్న బండే మేలు. నా భయం గుద్దుకోవడం గురించి కాదు, కాలవ గురించి. అందుకే చేత్తో తిప్పే అద్దాలు కావాలన్నాను. నీళ్లలో పడితే బటన్ పనిచేస్తుందో లేదో, హ్యాండిల్ మాత్రం తిరుగుతుంది. "కాలవలో పడెయ్యడానికి కారు కొంటారా ఎవరైనా!" అని మా ఆయన షోరూంలో అందరి ముందూ నవ్వారు. చివరికి ముందు అద్దాలకి బటన్లు, వెనక తలుపులకి తిప్పే హ్యాండిల్ ఉన్నది వచ్చింది. ఇద్దరి మాటా నెగ్గింది.

లీటరుకి ఇరవై వస్తోంది, కంపెనీ చెప్పే 24 కాదు. యానాంలో పెట్రోలు చవక, అక్కడ కొట్టించుకో అని చుట్టాలందరూ సలహా ఇస్తారు. దీని ట్యాంకే 27 లీటర్లు, మా ఊరి నుంచి యానాం వెళ్లి రావడానికే ఆరు లీటర్లు. మీకు అమలాపురం నుంచి కొంచెం దగ్గర, మీ లెక్క మీరు వేసుకోండి. సీఎన్‌జీ మాత్రం నాకు వద్దనిపించింది. సిలిండరు పెట్టాక డిక్కీలో బియ్యం బస్తా పట్టదు. మా పుట్టింటి నుంచి వచ్చేటప్పుడు ఖాళీ డిక్కీతో రానిస్తారా మా అమ్మ?

ఇంకొక్కటి. కారు వచ్చిన మూడో వారంలో ఇంటి ముందు చెట్టు నుంచి కొబ్బరికాయ సరిగ్గా డ్రైవరు తలుపు పైన పడింది. సొట్ట. దాని ఖర్చు నాలుగు వేలు, తిట్లు నాకు. మీరు పాతది కొన్నా కొత్తది కొన్నా, బండి ఇంటికి తెచ్చే ముందు రోజే మనుషుల్ని పిలిచి చెట్టు మీద కాయలు దింపించండి. ఎండు మట్టలు కూడా.