సర్టిఫికెట్ ఉంది, 504కి జవాబు లేదు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాను. మా అబ్బాయి బీటెక్ అయ్యాక క్లౌడ్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. మొన్న ఇంటర్వ్యూలో ‘లోడ్ బ్యాలెన్సర్ పెట్టాక సైటు 504 ఎర్రర్ చూపిస్తోంది, ముందు ఏం చూస్తావు?’ అంటే నోరు పెగల్లేదట. అమీర్‌పేటలో ఇంకో కోర్సు చేస్తానంటున్నాడు. డబ్బు కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. మీవాడికి తక్కువైంది పాఠం కాదు, చేత్తో చెడగొట్టి బాగుచేసుకున్న అనుభవం.

ఒకే సైటును మూడు నాలుగు సర్వర్లు, అంటే పేజీలు అందించే కంప్యూటర్లు, నడుపుతుంటే, వచ్చేవాళ్లను వాటికి పంచేది లోడ్ బ్యాలెన్సర్. పంచడం తేలికే. ఏ సర్వర్ బాగుందో కనిపెట్టడమే అసలు పని. మీరు చెక్ ట్రే ఎత్తి రొయ్య మేత తింటోందో లేదో చూస్తారు కదా, అదీ అలాగే ప్రతి సర్వర్‌నూ పలకరిస్తుంటుంది. దాన్ని హెల్త్ చెక్ అంటారు. క్లౌడ్ అంటే నెట్ ద్వారా అద్దెకిచ్చే కంప్యూటర్లు; అమెజాన్ క్లౌడ్‌లోని అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌లో మనం ఏమీ మార్చకపోతే 30 సెకన్లకోసారి అడుగుతుంది. వరసగా 2 సార్లు సరైన జవాబు రాకపోతే ఆ సర్వర్‌ని పక్కన పెడుతుంది, 5 సార్లు వస్తేగాని మళ్లీ నమ్మదు.

తిరకాసు ఇక్కడే. ట్రేలో మేత మిగిలితే జబ్బే అనుకోలేం, మనమే ఎక్కువ వేసి ఉండొచ్చు. హెల్త్ చెక్ అడిగే మొదటి పేజీ లాగిన్‌కి మళ్లిస్తే, ‘బాగుంది’ అనే 200 కోడ్‌కి బదులు ‘వేరే పేజీకి వెళ్లు’ అనే 302 వస్తుంది. సర్వర్ నిక్షేపంగా ఉన్నా చెడిపోయినట్టే లెక్క! ఇక 504 అంటే సర్వర్ నుంచి టైముకి జవాబు రాలేదని. నేనైతే ముందు సెక్యూరిటీ గ్రూపు (ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే నియమాలు) చూస్తాను, లోడ్ బ్యాలెన్సర్ నుంచి సర్వర్ పోర్టుకి, అంటే దాని గుమ్మానికి, దారి తెరిచారా అని. డేటాబేస్ నెమ్మదించిందా అన్నది ఆ తర్వాత. 503 అయితే అసలు టార్గెట్ గ్రూపులో, అంటే బ్యాలెన్సర్ పని పంచాల్సిన జాబితాలో, సర్వర్లు చేర్చారో లేదో చూడాలి.

లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (ఒకే కంప్యూటర్‌లో పలు కంప్యూటర్లున్నట్టు నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో మూడు మెషీన్లు పెట్టమనండి. ఒకటి ఎన్‌జిన్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో బ్యాలెన్సర్, మిగతా రెండూ సర్వర్లు. ఒకదాన్ని ఆపాలి, రెండూ ఆపాలి, పోర్టు మూయాలి, లాగ్ (మెషీన్ రాసుకునే చిట్టా) చదివి ఏం జరిగిందో నోట్‌బుక్‌లో రాయాలి. నెల రోజులు చాలు, ఖర్చు లేదు. ఆ తర్వాతే క్లౌడ్. అక్కడ సైటు ఎవరూ చూడకపోయినా లోడ్ బ్యాలెన్సర్‌కి గంటల లెక్కన బిల్లు పడుతుంది, పట్టుబడి అయిపోయిన చెరువులో ఏరియేటర్లు తిప్పినట్టు. పని కాగానే తీసెయ్యాలి, ఖర్చు హద్దు దాటితే హెచ్చరించే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోవాలి.

ఫ్రెషర్లకు ఎక్కువగా దొరికేది సపోర్టు ఉద్యోగమే, నైట్ షిఫ్టులుంటాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందేమోనని గట్టు మీద కాపలా ఉండే ఇంటి పిల్లాడికి ఆ టెన్షన్ కొత్తదేం కాదనుకోండి.

నెల తర్వాత ఆ నోట్‌బుక్ పట్టుకుని నెల్లూరు రమ్మనండి. కోర్సు సంగతి అది చూశాక మాట్లాడదాం.